కత్తిరించిన కొద్దీ చెడిపోయిన సీన్: ఎడిటింగ్ టేబుల్ మీద ఒక అత్యాచార సన్నివేశం

నేపథ్యం

ఇది ఒక ఫీచర్ సినిమాకి సంబంధించిన కేసు. ఆఫీసులో పై అధికారి చేతిలో అత్యాచారానికి గురైన ముప్పై ఏళ్ల ఉద్యోగిని ఫిర్యాదు చేస్తుంది, విచారణ జరుగుతుంది, కేసు కోర్టుకెక్కుతుంది. సినిమా ఏ భాషదో, ఎప్పుడు విడుదలైందో, ఎవరు పనిచేశారో ఇక్కడ చెప్పడం లేదు. గుర్తుపట్టే వీలున్న కథాంశాలు కొన్ని మార్చాం. లైంగిక హింసను తెరమీద ఎంతవరకు చూపొచ్చన్న వాదన ఎప్పుడూ ‘చూపాలి’, ‘చూపకూడదు’ అనే రెండు మాటల మధ్యే నలుగుతూ ఉంటుంది. ఎడిటింగ్ టేబుల్ దగ్గర ఆ రెండు మాటలతో ఒక్క నిర్ణయం కూడా జరగదు. కెమెరా ఎక్కడ నిలబడింది, ఫ్రేములో ఎవరున్నారు, ఏ షాట్ తీసేస్తే ఏం మిగులుతుంది, వీటితోనే జరుగుతుంది. ఈ కేసులో అది చాలా స్పష్టంగా బయటపడింది కాబట్టి వివరంగా రాస్తున్నాం.

సీన్ ఫస్టాఫ్ మధ్యలో వస్తుంది. అధికారి గది తలుపు వేసిన క్షణం నుంచి లెక్కేస్తే దర్శకుడి మొదటి కూర్పులో నిడివి 4 నిమిషాల 40 సెకన్లు, షాట్లు 61. రెండు కెమెరాలతో తీశారు. ఎక్కువ భాగం 85 ఎంఎం లెన్స్. పాత్రల వెనక టేబుల్ ల్యాంపు, దాని పసుపు వెలుగు జుట్టు అంచున, భుజం అంచున గీత గీసినట్టు పడుతుంది. కొన్ని షాట్లు సెకనుకి 48 ఫ్రేముల్లో తీసి 24లో నడిపారు, అంటే స్లోమోషన్. ఈ రఫ్ కట్‌లో తాత్కాలికంగా వయొలిన్‌లతో టెంప్ మ్యూజిక్ వేసి ఉంది. నటీనటులిద్దరితో షూటింగ్‌కి ముందే రాతపూర్వక ఒప్పందం ఉంది, సెట్‌లో ఇంటిమసీ కోఆర్డినేటర్ (లైంగిక సన్నివేశాల్లో నటుల భద్రత, ఒప్పందం చూసుకునే వ్యక్తి) కూడా ఉన్నారు. షూటింగ్ వరకు చేయాల్సినవన్నీ చేశారనే చెప్పాలి.

దర్శకుడి ఉద్దేశంలో కల్మషం లేదు. ప్రేక్షకుడు సుఖంగా కూర్చుని చూడకూడదని, నేరం ఎంత ఘోరమో ఒంటికి తెలియాలని ఆయన పట్టుదల. ఈ కేసులో ముఖ్యమైన సంగతి కూడా ఇదే. మంచి ఉద్దేశంతో తీసిన సీన్ తెరమీద ఇంకో పని చేస్తోంది.

వచ్చిన సమస్య

విడుదలకి ముందు కొందరు ప్రేక్షకులకి చూపించే టెస్ట్ స్క్రీనింగ్ తర్వాత నిర్మాత అడిగింది సూటి ప్రశ్న: ‘సీన్ హద్దు దాటిందా? ఎంత తగ్గించాలి?’ కొందరు మధ్యలో లేచి వెళ్లిపోయారు. సర్టిఫికెట్ విషయంలోనూ ఆయనకి భయం ఉంది.

లేచి వెళ్లినవాళ్ల కంటే కూర్చున్నవాళ్లు రాసిచ్చిన కాగితాలు ఎక్కువ కలవరపెట్టాయి. సినిమా అయ్యాక వాళ్లని ప్రశ్నలేవీ అడగకుండా, గుర్తున్న సంగతులు రాయమన్నారు. దాడి జరిగిన గదిని, దాడి జరిగిన వరసని చాలామంది పూసగుచ్చినట్టు రాశారు. బాధితురాలు కోర్టులో చెప్పిన సాక్ష్యం గురించి ఒక్క వాక్యం రాసినవాళ్లు తక్కువ. ఆమె ఆ ఆఫీసులో ఏం పని చేసేదో కొందరికి గుర్తే లేదు. హాల్లో ఒక మూల నుంచి, దాడి నడుస్తుండగానే, ఈల వినబడింది. అలాంటి అనుభవం తనకూ ఉందని రాసిన ఒక ప్రేక్షకురాలు, ఆ సీన్ తర్వాత మిగతా సినిమా తన బుర్రకి ఎక్కలేదని రాశారు. ముందుగా ఎవరికీ హెచ్చరిక ఇవ్వలేదు. స్క్రీనింగ్ ఏర్పాటులోనే అది లోపం. సీన్ బాగున్నా బాగాలేకపోయినా ఆ హెచ్చరిక ఉండి తీరాలి.

ఈల వేసినవాడిది వాడి బుద్ధి అని వదిలేయొచ్చు. దర్శకుడు మొదట అలాగే అన్నారు. కానీ ఈల ఎక్కడ పడిందో హాల్లో చేసిన రికార్డింగ్‌లో చూస్తే, అది స్లోమోషన్ షాట్ మీద పడింది. ల్యాంపు వెలుగు, వయొలిన్, 85 ఎంఎం లెన్స్ కరిగించేసిన వెనకతలం. సౌండ్ తీసేసి ఆ షాట్ ఒక్కదాన్నే చూపిస్తే అది ప్రేమ పాటలోదని ఎవరైనా అనుకుంటారు. ప్రేక్షకుడి బుద్ధిని మార్చడం ఎడిటర్ చేతిలో లేదు. ఆ షాట్ మాత్రం ఉంది.

షాట్ల లెక్క

ఏదీ కత్తిరించకముందు 61 షాట్లకూ చిట్టా రాశాం. ప్రతి షాట్‌కి మూడే ప్రశ్నలు: కెమెరా ఎవరి పక్కన, ఎవరి కంటి ఎత్తులో ఉంది? ఫ్రేములో ఉన్నది ముఖమా, ఒళ్లా, గదా? ఈ షాట్‌లో కథకి కొత్తగా తెలిసేదేమిటి?

మొత్తం 280 సెకన్లలో దాడి చేసేవాడి భుజం మీంచి గానీ, అతని కంటి ఎత్తు నుంచి గానీ చూసేవి 128 సెకన్లు. గదిలో ఎవరి వైపూ కాకుండా నిలబడ్డ కెమెరా 97 సెకన్లు. ఆమె ముఖం దగ్గరగా కనబడేవి 41. ఆమె కళ్లతో మనం చూసేవి 14. ఆమె కథగా చెప్పుకుంటున్న సినిమాలో అతి ముఖ్యమైన సన్నివేశాన్ని మనం ఆమె వైపు నుంచి చూసేది 14 సెకన్లే. ముందు రెండు రకాల్లోనూ కలిపి 83 సెకన్లపాటు ఆమె ముఖమే ఫ్రేములో లేదు, ఒంటి భాగాలే ఉన్నాయి.

మూడో ప్రశ్నకి వచ్చిన జవాబు దర్శకుణ్ణి ఎక్కువగా ఆలోచింపజేసింది. మొదటి 52 సెకన్లలో అంతా తెలిసిపోతుంది: అతనికేం కావాలో, ఆమె వద్దంటోందని, తలుపు గడియ పడిందని. తర్వాతి 228 సెకన్లలో కథకి కొత్తగా చేరేవి రెండే. ఆమె ఐడీ కార్డు తాడు తెగుతుంది, అది తర్వాత కోర్టులో సాక్ష్యం అవుతుంది. తలుపు అవతల ఎవరో నడిచి వెళ్లిన అడుగుల చప్పుడు వినిపిస్తుంది, ఆ మనిషే తర్వాత సాక్షి. ఈ రెండింటికీ పది సెకన్లు చాలు. మిగతా నిడివిలో ఉన్నది మనకు అప్పటికే తెలిసిన నేరం, మళ్లీ మళ్లీ.

మొదటి ప్రయత్నం: నిడివి తగ్గించడం

నిర్మాత అడిగింది ఇదే కాబట్టి ముందు ఇదే చేశాం. పద్ధతి మామూలుదే. చూడలేనంత కర్కశంగా ఉన్న షాట్లు ముందు తీసేయడం, పునరుక్తి ఉన్నచోట కుదించడం. 4:40 కాస్తా 2:50 అయింది.

సీన్ మరింత చెడింది. ఎందుకో చిట్టా చూస్తే అర్థమైంది. ‘చూడలేనివి’ అని తీసేసిన షాట్లేవి? ఆమె గింజుకునేవి, గోళ్లతో రక్కేవి, కేక పెడుతూ ముఖం వికారంగా మారేవి. ఆమె ముఖం ఉన్న 41 సెకన్లలో 31 పోయాయి. అతని వైపు కెమెరా 128 నుంచి 96కి మాత్రమే తగ్గింది. మొత్తంలో దాని వాటా 46 శాతం నుంచి 56 శాతానికి పెరిగింది. హింస పోయింది, అందం మిగిలింది. కొత్త కూర్పు చూపించినప్పుడు ఆమె మధ్యలో ఒప్పుకుందా అని ఒకరిద్దరు అడిగారు. అత్యాచారం మీద తీసిన సినిమాకి ఇంతకంటే పెద్ద ప్రమాదం లేదు.

ఇది కొత్త చిక్కేమీ కాదు. 1971 నాటి ‘స్ట్రా డాగ్స్’ సినిమా విషయంలో బ్రిటన్‌లోని సర్టిఫికేషన్ సంస్థ బీబీఎఫ్‌సీ దీన్నే ఎదుర్కొంది. 1999లో వీడియో విడుదల కోసం వచ్చిన ప్రతి అంతకుముందే అమెరికాలో కోతపడినది. ఆ సినిమాలో నాయిక మీద వరసగా రెండు దాడులుంటాయి, ఈ ప్రతిలో రెండోది చాలావరకు లేదు. మిగిలిన మొదటి దాడి, ఆమెకి అది ఇష్టమేనన్న అర్థం ఇస్తోందని సంస్థ సర్టిఫికెట్ ఇవ్వలేదు. 2002లో పూర్తి ప్రతి వస్తే కోతలేమీ లేకుండా ఇచ్చింది. రెండో దాడి ఉన్నప్పుడు ఆమె పడ్డది నరకమని తెలుస్తుంది కాబట్టి. ఎక్కువ చూపిన ప్రతి తక్కువ హానికరం అయిన సందర్భం అది. నిడివిని బట్టి తీర్పు చెప్పేవాళ్లు ఈ ఉదాహరణని పక్కన పెట్టుకోవాలి.

రెండో ప్రయత్నం: కప్పడం

డీఐలో, అంటే కంప్యూటర్‌లో రంగు, వెలుగు సరిచేసే దశలో, ఫ్రేము కింది సగం చీకటి చేయడం, కొన్ని చోట్ల మసకబార్చడం, రెండు చోట్ల ఊగుతున్న కిటికీ తెరకి కట్ చేయడం. దీని గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. మసక ఎక్కడుంటే కన్ను అక్కడికే పోతుంది. ఊగే తెరలు, ఆరిపోయే దీపాలు ప్రేక్షకుడికి ఎప్పటినుంచో తెలిసిన సంకేతాలు, వాటిని చూడగానే మనసు హింస మీంచి శృంగారం వైపు జారుకుంటుంది. వీటిని శోభనం సీన్లకి కూడా వాడేశాం కదా. ఒక్క రోజులోనే దీన్ని పక్కన పడేశారు.

మూడో ప్రయత్నం: కట్ లేని ఒకే షాట్

ఈ ప్రతిపాదన దర్శకుడిది, బరువైనది. 2002 నాటి ఫ్రెంచి సినిమా ‘ఇర్రివర్సిబుల్’లో దాడి దాదాపు 9 నిమిషాలు సాగుతుంది, కట్ ఉండదు, ఎక్కువసేపు కెమెరా నేలమీద కదలకుండా ఉంటుంది. కట్ చేసిన ప్రతిసారీ ప్రేక్షకుడికి ఊపిరి దొరుకుతుంది, కొత్త కోణం దొరుకుతుంది, ఆ కోణమే అందంగా మారుతుంది, కాబట్టి కట్‌లే తీసేద్దాం అన్నది ఆయన వాదన. ఆ సినిమా మీద ఎన్ని అభ్యంతరాలున్నా ఈ తర్కంలో సత్తా ఉంది. చిట్టాలో తేలిన లోపాలు, అంటే అతని భుజం మీంచి చూపు, ఒంటి ముక్కల క్లోజప్‌లు, రెండూ దీంతో పోతాయి.

రెండు కారణాల వల్ల కుదరలేదు. మొదటిది ఒప్పందం. మన దగ్గర ఉన్న ఏకైక వైడ్ మాస్టర్ (సీన్ అంతటినీ దూరం నుంచి ఆపకుండా తీసిన షాట్) రిహార్సల్ సమయంలో, కెమెరా స్థానాలు సరిచూసుకోవడానికి తీసినది. దాన్ని సినిమాలో వాడబోమని నటి ఒప్పందంలో రాసి ఉంది. ఫుటేజీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ టైమ్‌లైన్ మీద కనబడుతోంది కదా అని లాగి పెట్టేయడం ఎడిట్ రూముల్లో చాలా సులువుగా జరిగిపోతుంది, ఎవరికీ తప్పనిపించదు కూడా. ఇలాంటి సీన్ల విషయంలో ఫుటేజీతోపాటు ఒప్పందం నకలు ఎడిటర్ చేతికి రావాలి. ఏ టేక్ వాడొచ్చు, శరీరంలో ఏ భాగం ఎంతవరకు కనబడొచ్చు, డూప్ వాడొచ్చా, ట్రైలర్‌లో వాడొచ్చా, ఇవన్నీ అందులో ఉంటాయి. అమెరికా నటీనటుల సంఘం శాగ్-ఆఫ్ట్రా ఇంటిమసీ కోఆర్డినేటర్లకి ప్రమాణాలు ప్రకటించింది 2020లో. కోఆర్డినేటర్ పని సెట్‌తో అయిపోదు, చివరి కూర్పు ఒప్పందం దాటలేదని చూడటం వరకూ వస్తుంది. ఈ కేసులో కోఆర్డినేటర్‌ని ఎడిట్ రూముకి పిలిచి మాస్టర్ సంగతి అడిగితే ఒక్క నిమిషంలో తేలిపోయింది. నటిని మళ్లీ అడిగి ఒప్పిద్దామన్న సూచన వచ్చింది. వద్దన్నాం. సినిమా పూర్తయ్యే దశలో, అందరూ ఎదురుచూస్తుండగా అడిగితే ఆమె ఇచ్చే ఒప్పుకోలుకి విలువుండదు.

రెండో కారణం కథ. ఆ పొడవాటి షాట్ తర్వాత ఈ సినిమా ఇంకా గంటన్నర నడవాలి, అదంతా ఆమె మాట ఎవరూ నమ్మకపోవడం గురించి. ప్రేక్షకుడు అంతసేపు కళ్లారా చూసేశాక ఆమె మాట నమ్మడంలో అతనికి పనేముంటుంది? కోర్టులో ఆమెని నమ్మనివాళ్లు అతనికి మూర్ఖుల్లా కనిపిస్తారు, అంతే. సాక్ష్యం చెప్పేటప్పుడు ఆమె మీద పడే బరువు ప్రేక్షకుడి మీద పడదు. చివరి కూర్పుకి దారి చూపింది ఈ ఆలోచనే.

నాలుగో ప్రయత్నం: మూసిన తలుపు, శబ్దం మాత్రమే

బొమ్మ పూర్తిగా తీసేసి కారిడార్‌లోంచి మూసిన తలుపు చూపి, లోపలి శబ్దం వినిపించాం. మర్యాదగా ఉంటుందని అందరూ అనుకున్నారు. విన్నాక ఎవరూ అనలేదు. ఫోలీలో, అంటే స్టూడియోలో విడిగా చేసి కలిపే చప్పుళ్లలో, గుడ్డ చిరిగిన చప్పుడు, ఊపిరి, ఫర్నిచర్ కదలిక అన్నీ పూర్తి స్థాయిలో ఉన్నాయి, కేక సరౌండ్ స్పీకర్లలోకి పాకింది. బొమ్మ లేకపోయేసరికి శబ్దం దానికంటే పచ్చిగా తయారైంది. మిక్స్‌లో తగ్గించినా ఇంకో ప్రశ్న మిగిలింది: ఆ కారిడార్‌లో నిలబడి వింటున్నదెవరు? కథలో ఒకరు అటుగా నడిచి వెళ్లారే తప్ప అక్కడ నిలబడినవాళ్లెవరూ లేరు. చెవి ఎవరిదో తెలియనప్పుడు ప్రేక్షకుడు తలుపు దగ్గర నక్కి వింటున్నవాడి స్థానంలోకి వెళ్లిపోతాడు.

పనిచేసింది

అప్పుడు ప్రశ్న మార్చాం. ఎంత చూపాలి అన్నది వదిలేసి, ఈ సీన్ నుంచి కోర్టు సీన్‌కి ఏం చేరాలి అని అడిగాం. జవాబులు నాలుగు వచ్చాయి. ఆమె స్పష్టంగా వద్దంది. బయటికి పోయే దారి లేదు. ఐడీ కార్డు తాడు తెగింది. తలుపు అవతల ఎవరో నడిచారు. ఇవి కాకుండా ఏ ఫ్రేము ఉన్నా దానికి సమాధానం చెప్పుకోవాలి.

తలుపు మూయకముందు ఉన్న సంభాషణ 40 సెకన్లుండేది, దాన్ని 68కి పెంచాం. ఎడిటింగ్‌లో పోయిన మామూలు మాటలే వెనక్కి వచ్చాయి: ప్రమోషన్ ఫైలు, ఇంటికి ఎలా వెళ్తారు అన్న ప్రశ్న, ఆమె ఫోన్‌ని అతను కాగితాలతోపాటు టేబుల్ అవతలికి జరపడం. ఆ ఫోన్ జరగడం ఒక్కసారే, క్లోజప్ లేకుండా వైడ్‌లోనే ఉంచాం. గమనించినవాళ్ల కడుపులో అప్పుడే చెయ్యి పెట్టినట్టుంటుంది. బలప్రయోగం కంటే ముందే అధికారం పని మొదలుపెట్టిందని ఆ 68 సెకన్లు చెబుతాయి. మొదటి కూర్పులో అసలు లేనిది ఇదే.

తలుపు పడ్డాక ఒకే టేక్, 22 సెకన్లు, ఆమె ముఖం. “సార్, వద్దు. తలుపు తీయండి.” రెండోసారి అంటుంది. మూడోసారి మాట సగంలో ఆగుతుంది. ఈ టేకుని మొదటి కూర్పులో నాలుగు ముక్కలు చేసి వాడారు. మధ్యలో గొంతు పట్టేసిన చోటు టెక్నికల్‌గా బాగాలేదని తీసేశారు. అదే ఉంచాం. తర్వాత 11 సెకన్లు ఆమె కళ్లు: బీరువా మీద ఫైళ్ల వరస, ఒక ఫైలు వీపు మీద సగం ఊడిన లేబుల్, దాని మీదున్న సంవత్సరం. తాడు తెగిన చప్పుడు, అవతల అడుగులు. అక్కడితో కట్. దాడి తెరమీద ఉండేది మొత్తం 33 సెకన్లు.

ఆ లేబుల్ కోసం రెండు ఇన్సర్టులు (వస్తువుని దగ్గరగా చూపే షాట్లు) ప్యాచ్ వర్క్‌లో, అంటే షూటింగ్ అయ్యాక మిగిలినవి తీసేటప్పుడు, తీశారు. నటి అవసరం రాలేదు. సెట్ గోడ, బీరువా, కెమెరా ఆమె కంటి ఎత్తులో. కోర్టులో డిఫెన్స్ లాయరు ‘ఆ సమయంలో మీరేం చూస్తున్నారు?’ అని అడిగే ప్రశ్న అప్పటికే స్క్రిప్టులో ఉంది, జవాబు మాత్రం పేలవంగా ఉండేది. డబ్బింగ్‌లో ఒక్క లైను మార్చి, ఆమె ఆ లేబుల్ మీది సంవత్సరం చెప్పేలా చేశారు. ప్రేక్షకుడికి ఆ అంకె తెలుసు, కోర్టులో ఇంకెవరికీ తెలియదు. మొదటి కూర్పులో నాలుగున్నర నిమిషాలు సాధించలేనిది ఆ అంకె సాధించింది. కోర్టు సీన్ 3:10 నుంచి 5:50కి పెరిగింది, కొత్తగా తీసిందేమీ లేదు, ఉన్న ఫుటేజీయే.

ఆమె బయటికి వచ్చాక కారిడార్ 50 సెకన్లు. తెగిన తాడుని ముడివేయాలని చూస్తుంది, వేళ్లు కుదరవు, చివరికి కార్డుని సంచిలో పడేస్తుంది. ఏడుపు ఉన్న టేకులు మూడున్నాయి, నటన గొప్పగా ఉంది, అయినా వాడలేదు. ఏడిస్తేనే బాధితురాలు అన్న నమ్మకాన్ని ఈ సినిమాలోనే లాయరు ఆమె మీద ఆయుధంగా వాడతాడు. మనం దాన్ని బలపరచకూడదు.

శబ్దం, రంగు, వేగం

టెంప్ మ్యూజిక్ పూర్తిగా తీసేశాం, రీరికార్డింగ్‌లో కూడా ఆ 33 సెకన్లకీ కారిడార్‌కీ సంగీతం లేదు. పూర్తి నిశ్శబ్దం పెడదామన్న ఆలోచన వచ్చింది. నిశ్శబ్దం కూడా ఒక అలంకారమే, ‘ఇప్పుడు ముఖ్యమైనది జరుగుతోంది’ అని డప్పు కొడుతుంది. గదిలోని ఏసీ గుర్రుమనే రూమ్ టోన్‌నే ఉంచి, కారిడార్ మొదటి ఆరు ఫ్రేముల మీదికి సాగదీశాం. గుడ్డల ఫోలీ తీసేశాం. కేక తెర మధ్యనుండే సెంటర్ ఛానల్ స్పీకరుకే పరిమితం, సంభాషణ స్థాయికి మించి 3 డెసిబెల్స్ కూడా పెరగలేదు. ఛాతీలో అదురు పుట్టించే లో ఎండ్ రంబుల్ (బాగా లోతైన గర్జన లాంటి శబ్దం) ఒకటి సౌండ్ డిజైన్‌లో ఉంది, దాన్నీ కత్తిరించాం. ఒంటికి భయం పుట్టిస్తే మనసుకి అర్థమైనట్టు లెక్క కాదు.

డీఐలో అంచు వెలుగు తగ్గించి, ఆ పసుపుని ఆఫీసు ట్యూబ్‌లైట్ తెలుపు దగ్గరికి తెచ్చారు. ఈ రంగుల సవరణతో (గ్రేడింగ్) పోనిది లెన్స్ ఇచ్చిన మెత్తదనం. అందుకే 85 ఎంఎం షాట్లు వీలైనన్ని వదిలేసి, రెండో కెమెరాలో కాస్త వెడల్పాటి లెన్స్‌తో వచ్చిన టేకునే 22 సెకన్లకి ఎంచుకున్నాం. 

స్లోమోషన్ సంగతి చెప్పాలి. 48 ఫ్రేముల్లో తీసినదాన్ని మామూలు వేగానికి తేవాలంటే ఒక ఫ్రేము ఉంచి ఒకటి తీసేయాలి. అలా చేస్తే కదలిక కాస్త తెగినట్టు కనబడుతుంది, ఎందుకంటే 180 డిగ్రీల షటర్‌తో (ఒక్కో ఫ్రేముకి దక్కే సమయంలో సగంసేపు వెలుగు పడే అమరిక) 48లో తీసినప్పుడు ఒక్కో ఫ్రేము ఎక్స్‌పోజర్ సెకనులో 96వ వంతు. 24 ఫ్రేముల మామూలు షూటింగులో అది 48వ వంతు ఉంటుంది. అందుకని మోషన్ బ్లర్, అంటే కదిలేదాని చుట్టూ కనబడే మసక, సగమే ఉంటుంది. మామూలుగా దీన్ని సాఫ్ట్‌వేర్‌తో బ్లర్ కలిపి సరిచేస్తారు. తలుపు మూసే షాట్ ఒక్కటే ఇలా మిగిలింది, దాన్ని సరిచేయకుండా వదిలేశాం. ఆ చిన్న గతుకు అక్కడ సరిపోయింది.

పనిచేసేవాళ్ల సంగతి

ఇలాంటి సీన్‌ని ప్రేక్షకుడు ఒకసారి చూస్తాడు. అసిస్టెంట్ ఎడిటర్, ఫోలీ ఆర్టిస్ట్, కలరిస్ట్ వందలసార్లు చూస్తారు. చిట్టా రాసే పని, బొమ్మకీ శబ్దానికీ సింక్ కుదిరిందో చూసే పని, శబ్దం మీద చేసే పని తప్ప మిగతావన్నీ సౌండ్ మ్యూట్‌లో చేయొచ్చు, చేశాం. లూప్ ప్లే ఆపేసి, ముక్కలు ముక్కలుగా, గంట దాటకుండా పని పెట్టుకున్నారు. చేయలేనన్న అసిస్టెంట్‌కి వేరే రీలు ఇచ్చారు, కారణం అడగలేదు. ఆ కారణం అడగకపోవడం ముఖ్యం, ఎందుకంటే అడిగితే కొందరు చెప్పాల్సి వచ్చేది తమ జీవితంలో జరిగినదే కావొచ్చు.

మళ్లీ చూపించినప్పుడు

ఆహ్వానంలోనూ, సినిమా మొదట్లోనూ లైంగిక హింస ఉందని రాశారు, వెళ్లిపోవాలనుకునేవాళ్ల కోసం పక్క వరసల్లో లైటు ఉంచారు. కాగితాల మీద ఈసారి కోర్టు సీన్ గురించి రాసినవి ఎక్కువ. లేబుల్ మీది సంవత్సరం గుర్తుపెట్టుకుని రాసినవాళ్లున్నారు. ఆమె ఒప్పుకుందా అన్న ప్రశ్న రాలేదు.

అందరూ మెచ్చుకున్నారని కాదు. సీన్ మరీ మెత్తబడిందని, నేరం తీవ్రత తగ్గిందని కొందరు గట్టిగా రాశారు. దర్శకుడికీ ఆ అసంతృప్తి కొంత మిగిలింది. ఈ అభ్యంతరాన్ని కొట్టిపారేయలేం. ‘బాండిట్ క్వీన్’ కేసులో 1996లో భారత సుప్రీం కోర్టు చెప్పింది కూడా దీనికి దగ్గరిదే: ఆ సినిమాలోని నగ్నత్వం, అత్యాచారం చూసేవాడిలో కోరిక రేపడానికి ఉద్దేశించినవి కావు, నేరస్థుల మీద అసహ్యం, బాధితురాలి మీద జాలి కలిగించేవి, సినిమాని మొత్తంగా చూడాలి. అంతకుముందు 1970లో దర్శకుడు కె.ఎ. అబ్బాస్ సెన్సార్‌షిప్ మీద వేసిన కేసు తీర్పులోనూ అదే కోర్టు, కత్తెర పడాల్సింది అత్యాచారం లాంటి వస్తువు ఉన్నందుకు కాదు, దాన్ని ఎలా తీశారన్నదాన్ని బట్టి అంది. మరోవైపు 1991 నాటి భారత సర్టిఫికేషన్ మార్గదర్శకాలు ఇలాంటి దృశ్యాలు మానుకోవాలని, కథకి అవసరమైతే కనిష్ఠానికి తగ్గించి వివరాలు చూపకూడదని అంటాయి. కోర్టు చూడమన్నది తీరుని, మార్గదర్శకం కొలిచేది పరిమాణాన్ని. ఈ రెండింట్లో మా అనుభవం మొదటిదానివైపే ఉంది. ప్రత్యక్షంగా, దీర్ఘంగా చూపి తీరాల్సిన కథలు ఉంటాయి. సాక్ష్యాన్ని నమ్మడం గురించిన ఈ కథ మాత్రం అలాంటిది కాదు.

సీన్‌ని విడిగా చూడటం

సినిమా మొత్తంగా చూడాలన్న సూత్రం కోర్టుకి సరిపోతుంది. సినిమా బయటికి వచ్చాక దాన్ని మొత్తంగా చూడనివాళ్లే ఎక్కువ. ఇలాంటి సన్నివేశాలని ముందూ వెనకా లేకుండా కోసి, వేరే పేర్లు పెట్టి అశ్లీల సైట్లలో పెడతారు. అక్కడ సందర్భం ఉండదు, కోర్టు సీన్ ఉండదు, దర్శకుడి ఉద్దేశమూ ఉండదు, నటి శరీరం ఒక్కటే ఉంటుంది. కాబట్టి ఎడిటింగ్ ఖరారు చేసేముందు (లాక్) సీన్‌ని టైమ్‌లైన్‌లోంచి విడదీసి, సినిమా తెలియని ఒకరికి విడిగా చూపించాలి. ఒకసారి సౌండ్‌తో, ఒకసారి లేకుండా. మొదటి కూర్పు ఈ పరీక్షలో ఘోరంగా తప్పింది. 2:50 కూర్పు ఇంకా ఘోరంగా తప్పింది. చివరిది కోసి పెట్టుకుంటే దొరికేది ఒక ముఖం, ఒక ఫైలు బీరువా.

ట్రైలర్‌లో ఆ సీన్ నుంచి ఒక్క ఫ్రేము కూడా ఉండకూడదని ముందే రాసుకున్నారు. ట్రైలర్ కోసే బృందానికి ఆ రీలే ఇవ్వలేదు, ఎందుకంటే చేతిలో ఉంటే వాడాలనిపిస్తుంది. వాడని ఫుటేజీ ప్రొడక్షన్ డ్రైవుల్లోంచి తీసి, ఎన్‌క్రిప్ట్ చేసి ఒకే ప్రతిగా ఉంచారు, ఎవరు తెరిచినా నమోదయ్యేలా. రివ్యూ కోసం పంపిన ప్రతి లింక్ మీదా చూసేవాళ్ల పేరుతో వాటర్‌మార్క్.

మిగిలిన పని స్ట్రీమింగ్‌కి ఇచ్చేటప్పుడు వచ్చింది. కర్సర్ జరిపితే కనబడే చిన్న బొమ్మలు, పోస్టరు కింద దానంతటదే ఆడే ప్రివ్యూ సాధారణంగా సాఫ్ట్‌వేరే ఎంచుకుంటుంది, దానికి కదలిక, ముఖాలు ఎక్కువున్న చోట్లు ఇష్టం. తలుపు మూసిన ఫ్రేము నుంచి కారిడార్ చివరి ఫ్రేము వరకు టైమ్‌కోడ్ (ఏ ఫ్రేము ఏ సమయంలో వస్తుందో చెప్పే అంకె) రాసి, ఆ మధ్యలోంచి ఏ బొమ్మా తీసుకోవద్దని డెలివరీ పత్రంలోనే చేర్చాం. ఫారంలో దానికి గడి లేదు. ‘ఇతర సూచనలు’ అన్నచోట రాయాల్సి వచ్చింది, తర్వాత ప్రివ్యూ ప్రతి తెప్పించుకుని సరిచూశాం.